గుట్ట దిగే సైకిలు

ఆదివారం పోటీ. ఆ వారమంతా రజితకు అన్నం సయించలేదు.

పోటీ అంటే మామూలు పోటీ కాదు. రుద్రంగి అవతల గుట్ట మీది నుంచి, రాళ్ల మధ్యలో పడి, సైకిలు మీద కిందికి దూసుకు రావాలి. సైకిళ్ల పిచ్చి ఉన్న రంజిత్ అనే సిరిసిల్ల కుర్రాడు పెట్టిస్తున్నాడు. పేర్లిచ్చిన వాళ్లలో అందరికన్నా పైన ఉన్నది రజిత భర్త మహేందర్.

మహేందర్ దుబాయ్‌లో ఒక ఇంగ్లండు సాబు విల్లాలో పని చేసి వచ్చాడు. వచ్చేటప్పుడు అందరూ టీవీలు, దుప్పట్లు కార్గోలో వేస్తే, ఇతను సాబు పారేయబోయిన పాత సైకిలు వేశాడు. కొండలు దిగడానికే చేసిన సైకిలు. ముందు మోటర్‌సైకిలుకు ఉన్నట్టు లావుపాటి షాకబ్జర్లు. కోరుట్ల బస్టాండు పక్కన చాయ్ తాగుతూ దాని గొప్పలు చెబుతుంటే, అక్కడే ఉన్న రంజిత్ విని పేరు రాసేసుకున్నాడు.

"ఒక్కటే తక్కువున్నది. చైన్ గైడు," అన్నాడు మహేందర్ అన్నం కలుపుతూ. "గుట్ట దిగంగ సైకిలు ఎగురుతది. దానెంబడి చైను ఎగురుతది. జారకుంట పట్టుకునేదే గీ గైడు."

"జారితె ఏమైతది?"

"పళ్లచక్రం ఖరాబైతది."

"చక్రం సంగతి సరే. మనిషి?"

మహేందర్ కంచం ముందుకు జరిపాడు. "కొంచెం పప్పు వెయ్యి," అన్నాడు.

పుణెలో పాత సామాన్లు అమ్మే ఒకాయన దగ్గరి నుంచి ఆ సైకిలు కాలం నాటి చైన్ గైడు తెప్పించాడు. ఒక అల్యూమినియం పలక, దానికి పైనొకటి కిందొకటి చిన్న రోలర్లు. ఆ రెండు రోలర్ల మధ్యలోంచే చైను తిరగాలి. దాన్ని పట్టుకుని కోరుట్లలోనే ఉన్న హబీబుద్దీన్ సైకిలు షాపుకు పోయాడు. ముసలాయన పలకను అటు పెట్టి చూశాడు, ఇటు పెట్టి చూశాడు.

"దీన్ని బిగించనీకి ఫ్రేముకు బోల్టులు పట్టే చెవులుండాలె భాయ్. నీ సైకిలుకు చెవులే లెవ్వు, నువ్వేమో కమ్మలు తెచ్చినవ్!"

మహేందర్ ముఖం వెలిగిపోయింది. "అయితె కుదరదా చాచా?"

"ఎందుకు కుదరదు? పెడల్ ఇరుసు కాడ ఒత్తి పెట్టి బిగిస్త. ఈ పలక రంధ్రం పెద్దగ చేయించుకరా."

మహేందర్ నీరసంగా జగిత్యాల లేత్ షాపుకు పోయి చేయించుకొచ్చాడు. హబీబుద్దీన్ బిగించాడు. పెడలు చేత్తో తిప్పితే చైను చప్పుడు లేకుండా తిరిగింది.

"ఇగ ఒక రౌండు కొట్టు."

"గిది రోడ్డు మీద తొక్కే సైకిలు గాదు చాచా. టైర్లు పాడైతయ్," అంటూ మహేందర్ సీటు మీద చెయ్యేసి, సైకిలును ఇంటిదాకా నడిపించుకుంటూ పోయాడు.

మర్నాడు అతను బజారుకు పోగానే రజిత పానా తీసింది. వారమంతా విన్నది కదా, ఏ నట్టు ఎందుకో ఆమెకూ తెలుసు. పై రోలరు నట్టు కొంచెం వదులు చేసింది. దేవుడి పటం వైపు చూడకుండా లోపలికి పోయింది.

సాయంత్రం పెడలు తిప్పితే కర్‌మంది. కేకలేస్తాడనుకుంది. మహేందర్ ఈల వేశాడు.

"మళ్ల చాచా దగ్గరికి పోవాలె. ఏం జేస్తం!"

ఆ ఈల రజిత లోపలి నుంచి విన్నది. ఇంత ఇష్టంగా చేసుకుంటున్న మనిషికి అడ్డం పడడమేమిటి? ఇక ముట్టుకోనని ఒట్టేసుకుంది.

శనివారం రోలరు మళ్లీ జారింది. ఈసారి ఆమె ముట్టుకోలేదు. "నేను బిగించింది జారుడేంది?" అని హబీబుద్దీన్ నెత్తి గోక్కుని మళ్లీ బిగించాడు. మహేందర్ రంజిత్‌కు ఫోన్ చేశాడు.

"తమ్మీ, సైకిలు మాట వింటలేదే. ఈసారికి నన్ను వదిలెయ్యి."

"నీ ఫొటోతోని బ్యానర్ కట్టినమన్నా! నీ సైకిలు కాకుంటె నాదిస్త."

"వద్దు వద్దు. వేరేదెక్కితె నాది అలుగుతది."

ఆదివారం తెల్లవారింది. సైకిలును గుట్టకు తీసుకుపోయే ట్రాలీ ఆటో వీధి మలుపులో హారన్ కొట్టింది. రజిత వాకిట్లోకి వస్తే, మహేందర్ సైకిలు ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో పానా. పోయే ముందు కూడా బిగించుకుంటున్నాడు పాపం. ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మొదటిసారి ఇప్పింది నేనే," అంది. "నీకేమన్నయితదేమో అని భయమేసింది. తప్పయింది. ఇగ అడ్డం రాను. నువ్వు పో, గెలిచి రా."

మహేందర్ ఆమె వైపు తెల్లబోయి చూశాడు.

"నువ్వా? మరి ఇన్ని రోజులు చెప్పవేందే? ఇద్దరం కలిసి చేసేటోళ్లం గదా!"

రజితకు అర్థం కాలేదు. వంగి పానా వైపు చూసింది. అది బిగించే వైపు తిరగడం లేదు.

"ఏందయ్యా, నువ్వు కూడ ఇప్పుతున్నవా?"

ఆటో గుమ్మం ముందుకొచ్చి ఆగింది. మహేందర్ అటొకసారి చూసి, ఆమె చెవి దగ్గరికి వంగి గుసగుసగా అన్నాడు.

"ఎవ్వలకు చెప్పకు రజితా, నాకు సైకిలు తొక్కుడు రాదు."