భ్రమరాంబ గారి వాటా

పదో రోజు ఉదయం పదకొండూ నలభైకి, కామేశం ఇంట్లో కుక్కర్ అతని తల్లి పిండానికి అన్నం వండనంది.

"కామేశం గారూ, మీరు ఈ పూట మాంసకృత్తులు తీసుకోలేదు. రెండు గుడ్లు తిన్నాక అన్నం ఇస్తాను," అంది. ఊళ్లో అన్ని కుక్కర్లదీ అదే పద్ధతి. జనం సన్నబడాలి.

"కర్త గుడ్డు తినడమేమిటి నాయనా!" అన్నారు పురోహితుడు సోమయాజులు గారు.

సోయా పిండితో ముద్దలు చేసి మేడ మీద పెట్టారు. కాకులు వచ్చి, చూసి, పోయాయి.

"కాకి ముట్టలేదంటే ఆవిడ మనసులో ఏదో మిగిలిపోయినట్టే," అన్నారు సోమయాజులు గారు.

"అత్తయ్య బతికుండగానే దీన్ని ముట్టలేదు," అంది కామేశం భార్య వకుళ, భర్తతో. "ఏడాది పాటు పెరుగన్నం అడిగితే మీరు పెట్టించింది ఇదేగా?"

కుక్కర్లో తల్లి పేరు ఇంకా తీసెయ్యలేదని కామేశానికి గుర్తొచ్చింది. కిందికి వెళ్లి ఆ పేరు నొక్కాడు.

"అభినందనలు భ్రమరాంబ గారూ!" అంది కుక్కర్. "పది రోజులుగా మీరు ఒక్క మెతుకూ తినలేదు. మీ పట్టుదల ఇంటిల్లిపాదికీ ఆదర్శం. బహుమానంగా ఈ పూట గ్లాసుడు బియ్యం వండుతాను."

"కానివ్వు నాయనా, దాని మనసు మారకముందే," అన్నారు వెనకే దిగివచ్చిన సోమయాజులు గారు.

పన్నెండూ యాభైకి కాకి ముట్టింది. పన్నెండూ యాభై రెండుకి భ్రమరాంబ పేరిట సందేశం వచ్చింది: మాంసకృత్తులు లేకుండా అన్నం తీసుకున్నందుకు ఆవిడ సాయంత్రం అరగంట నడవాలి.