మచ్చలు లేని అమ్మ

"ఎవరే ఈవిడ?" అంది తల్లి, కళ్లజోడు సర్దుకుని ఫొటోను వెలుతురుకు పట్టి చూస్తూ.

కూతురు నవ్వింది. "నువ్వేనమ్మా."

తల్లి నవ్వలేదు. ఆమె బాయిలర్లు తయారుచేసే కార్ఖానాలో వెల్డర్. ఆ వారమే ఆమెను వెల్డింగ్ విభాగానికి పెద్దను చేశారు. ఆ కుర్చీ ఒక ఆడమనిషికి దక్కడం అక్కడ అదే మొదలు. గేటు దగ్గర బోర్డుకు పెట్టడానికి ఫొటో కావాలన్నారు. ఆ పని కూతురు నెత్తిన వేసుకుంది.

కిటికీ పక్కన కూర్చోబెట్టి ఫొటో తీసింది. కంప్యూటర్లో దాని మీదే ఇంకో ప్రతిని పరిచి, పైదాన్ని మసకబరిచి, ఆ మసక మరీ ముంచెయ్యకుండా పలచన చేసి, కాస్త వెలుగు పెంచింది. కళ్ల దగ్గరా పెదవుల దగ్గరా మాత్రం మసకను తుడిచేసింది. కళ్లు నిగనిగలాడుతూ నిలిచాయి. మిగిలిన ముఖమంతా పొగమంచు మీద వెన్నెల పరుచుకున్నట్టు మెత్తబడింది. బుగ్గల మీద నిప్పురవ్వలు పడి కాలిన మచ్చలు ఎటు పోయాయో పోయాయి. అంతా అయ్యాక తన పని చూసుకుని తనే మురిసిపోయింది.

తండ్రి తొంగిచూసి, పెళ్లినాడు కూడా ఇంత కళ లేదన్నాడు. భార్య చూసిన చూపుకి మళ్లీ పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

"నా మచ్చలేవీ?"

"తీసేశాను. బాగుంది కదా?"

"బాగానే ఉంది. అందులో నేను లేను, అంతే." తల్లి ఫొటోను బల్ల మీద పెట్టింది. "అవి ఊరికే వచ్చినవి కావే. ఒక్కో మచ్చా ఒక్కో అతుకు నేర్పింది. ఇది గేటుకి తగిలిస్తే, నా దగ్గర పని నేర్చుకునేవాళ్లు ఏమనుకుంటారు? నిప్పు ముఖం చూడని ఈ మహారాణి మాకేం చెబుతుందనుకోరూ? ఉన్నదున్నట్టు తీసింది ఇవ్వు."

కూతురు ఎంత చెప్పినా తల్లి ససేమిరా అంది. చివరికి ఏ మార్పూ చెయ్యని ఫొటోనే ప్రింటు తీసి చేతికిచ్చి, కూతురు గదిలోకి వెళ్లిపోయింది. ఆ మధ్యనే ఒక స్టూడియోకి ఉద్యోగం కోసం వెళ్లి తన ఫొటోలు చూపించింది. యజమానురాలు అన్నీ తిరగేసి, ఇలాంటి మెరిసే ముఖాలు నెట్‌లో కోకొల్లలనీ, ఇవి నువ్వే చేశావని నమ్మేదెలాగనీ అంది. ఆ సంగతి ఆరోజే ఇంట్లో చెప్పుకుంది. ఇప్పుడు సొంత తల్లి కూడా తోసిపుచ్చింది. తన పనికి ఇంటా బయటా విలువ లేదనుకుంది.

మర్నాడు లేచేసరికి మచ్చలు తీసేసిన ఫొటో బల్ల మీద లేదు. చెత్తబుట్టలో వెతికింది. అక్కడా లేదు. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది.

బోర్డు పెట్టారని తెలిసి, వెళ్లకూడదనుకుంటూనే గేటు దాకా వెళ్లింది. మచ్చలతో సహా తల్లి ముఖం అంతెత్తున ఉంది. షిఫ్టుకి వస్తున్నవాళ్లు తలెత్తి చూసి మరీ లోపలికి పోతున్నారు. వాళ్లలో ఒకమ్మాయి ఆగి, బోర్డుకు చిన్నగా దండం పెట్టింది. కోపం కోపంగానే ఉన్నా, ఆవిడ మా అమ్మ అని ఎవరికైనా చెప్పాలనిపించింది.

ఇంతలో స్టూడియో నుంచి ఫోను వచ్చింది. ఒకసారి రమ్మన్నారు. వెళితే యజమానురాలు కూర్చోమని చెప్పి, సోమవారం నుంచి పనిలో చేరమంది. కూతురికి నమ్మబుద్ధి కాలేదు. నావే అని నమ్మకం ఎలా కుదిరింది మేడమ్ అని అడిగింది.

యజమానురాలు సొరుగు తెరిచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. అంచుల మీద గ్రీజు వేలిముద్రలు ఉన్నాయి. ఇంట్లో మాయమైన ఫొటో అదే.

"ఇది మీ దగ్గరికెలా వచ్చింది?"

"మీ అమ్మగారు తెచ్చారు. కార్ఖానా నుంచి సరాసరి, ఆ పని బట్టలతోనే. మీరెవరని నేను అడిగేలోపే వెళ్లి ఆ పెద్ద లైటు కింద నిలబడ్డారు. ఈ ఫొటో చెంపకు ఆనించుకుని ఒకటే మాటన్నారు: 'ముందు నా మచ్చలన్నీ బాగా చూసుకోండమ్మా. ఇప్పుడు మా అమ్మాయి పని చూడండి.'"