స్వామివారి గోళ్ళు

చనిపోయి ముప్పై ఏళ్ళయినా బిషప్ ఔదుల్ఫ్ స్వామి గోళ్ళు పెరుగుతూనే ఉన్నాయని లువార్ నది ఒడ్డు ఊళ్ళన్నీ నమ్ముతాయి. ఏటా ఉత్సవానికి ముందురాత్రి సమాధి కాపరి గుండోయిన్ రాతిపెట్టె తెరిచి వాటిని కత్తిరిస్తాడు. ఆ ముక్కలు రోగులకు తాయెత్తులవుతాయి.

ఈసారి పని నేర్చుకోవడానికి అల్లుడు బోసో వచ్చాడు.

"మామా, కత్తిరించడానికి ఏముంది ఇక్కడ? మొదలంటా అరిగిపోయాయి."

స్వామి వేళ్ళకు రాతిపొడి అంటుకుని ఉంది. బోసో కొవ్వొత్తి పైకెత్తాడు. మూత లోపలివైపు నిండా గీతలు. కొన్ని ఇంకా తెల్లగా, కొత్తగా ఉన్నాయి.

గుండోయిన్ మూత మూసి, తన గోళ్ళు కత్తిరించి పళ్ళెంలో వేయసాగాడు.

"పాతిపెట్టిన రాత్రే చప్పుడు విన్నాను అల్లుడూ. అప్పటికే బయట జనం మొక్కుతున్నారు."

గుండోయిన్ పళ్ళెం బోసో ముందుకు జరిపాడు.

"నీ చెయ్యి కూడా ఇటియ్యి. ఈ ఏడు జనం ఎక్కువ."