పిల్లి అయితే ఫరవాలేదు

పరాయింటి తోటలో కోడలి కాలు తగిలి పూలకుండీ దొర్లింది.

వరండాలో కుర్చీలో కూర్చున్న తాత తల ఇటు తిప్పాడు. కళ్ళకు ఎప్పుడూ ఉండే నల్లద్దాలే.

"ఎవరది? పిల్లేనా?"

ఆమె చేతిలో మందారం కొమ్మ. గేటు చూస్తే దూరం. ఏం చేయాలో తోచక, "మ్యావ్" అంది.

"పిల్లి అయితే ఫరవాలేదు. మొక్కల దొంగేమో అనుకున్నా," అంటూ తాత వెనక్కి వాలాడు.

బతుకుజీవుడా అని ఆమె బయటపడింది.

ఆమేమీ పుట్టుదొంగ కాదు. చేతిలో ఉన్న డబ్బంతా కొత్తింటి గోడలకూ కప్పుకే సరిపోయింది. ఇంటిముందు ఇటుకముక్కలూ కంకరా మిగిలాయి. తుంటి విరిగి మంచాన పడ్డ అత్తగారి కిటికీ సరిగ్గా అటువైపే.

"ఆ రాళ్ళగుట్ట చూడలేనమ్మా," అని ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. మాట తగ్గింది. ముద్ద తగ్గింది. మనిషి దక్కదేమోనని కోడలికి భయం పట్టుకుంది.

"మొక్కలు పెడతాను అత్తయ్యా. కొనలేం గానీ, ఎవరినైనా అడిగి తెస్తాను."

"అడిగి తెచ్చిన మొక్క బతకదే పిచ్చిదానా. దొంగిలించిందే నాటుకుంటుంది," అని చాలా రోజులకు అత్తగారు నవ్వింది.

ఆ నవ్వు కోసం కోడలు దొంగైంది. వీధి చివరింటి తోట నిండా మొక్కలు, కాపలాకి చూపులేని తాత. ఇంకేం కావాలి?

కానీ అందులో ఏదో తిరకాసు ఉంది. ఆమె ఇవాళ కన్నేసిన కుండీ రేపటికి గేటు పక్కకు వచ్చేది. చూపులేనివాడు కుండీలు జరుపుతాడా? "ఎండ తగ్గాక నాటితే బతుకుతుంది," అని తాత గాలితో చెప్పేవాడు. ఎవరికి?

ఒకసారి ఆ గేటు దగ్గరే ఫోన్‌లో భర్తతో, "అత్తయ్యకి వాసన ఉన్న పూలు కావాలట," అంది.

మర్నాడు గేటు పక్కన, వేళ్ళతో సహా, మల్లె మొక్క.

ఆమెకు తల తిరిగిపోయింది. ఆయనకు చూపు లేదా, తనకు మతి లేదా?

మల్లెతో ఇంటిముందు జాగా నిండింది. దొంగతనం మానేసింది.

అది మొగ్గ తొడిగిన రోజు అత్తగారు కిటికీ వైపు తిరిగింది. "ఆ దిండు కాస్త ఎత్తి పెట్టవే, సరిగా కనబడ్డం లేదు," అంది. అడిగి మరీ ఇంకో ముద్ద తింది.

ఇక దాచడం పాపమనిపించింది కోడలికి. తొలి పూలు పొట్లం కట్టుకుని వెళ్ళింది, ఈసారి గేటు చప్పుడయ్యేలా తీసి.

కుర్చీ ఖాళీగా ఉంది. తోటకు నీళ్ళు పడుతున్న తాత కూతురు తలెత్తింది.

"నాన్నగారు పోయారండీ, పోయిన వారం. మీరు?"

కోడలు పూలపొట్లం కొంగు చాటుకు లాక్కుంది. "పాపం, చూపు లేకపోయినా ఇంత తోట..." అని నసిగింది.

"చూపు లేకపోవడమేమిటండీ? మొన్నటిదాకా నాకు సూదిలో దారం ఆయనే ఎక్కించేవారు."

"మరి ఆ నల్లద్దాలు?"

"అదే నాకూ అర్థం కాలేదండీ. మా ఇంటికి ఏ పిల్లీ రాదు. అయినా మధ్యాహ్నం అవగానే కుండీలు సర్ది, 'పిల్లి వచ్చే వేళైంది, నా నల్లద్దాలు ఇలా తే' అనేవారు."