ఇరవయ్యో సీసా

అటవీశాఖ ఆఫీసరు యుగంధర్ గారు జీపు దిగుతూనే ముక్కుకి రుమాలు కట్టుకున్నారు.

భావనపాడు ఒడ్డున ఎండుచేపల గంపల ముందు కూర్చున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఆయన వాళ్ళకేసి చూడలేదు. బూట్లకంటిన ఇసుకకేసి చూసుకున్నారు.

మూడు రోజుల కిందట కొండబాబు పడవ పక్కన సముద్ర తాబేలు డిప్ప దొరికింది. లోపల మాంసం లేదు. ఎవరో శుభ్రంగా కోసుకుపోయారు.

“ఎవరో ఏంటి? మీరే,” అన్నారు ఆఫీసరు గారు. “ఉప్పేసి ఎండబెట్టి, సొరచేప అని అమ్మేస్తున్నారు. ఈ గంపల్లో ఒక్క ముక్క దొరకనీ. కొండబాబు ఏడేళ్ళు లోపలుంటాడు.”

కొండబాబు భార్య కుసుమకుమారి చంకలో నాలుగు నెలల పిల్లని గట్టిగా పట్టుకుంది. ఏడేళ్ళంటే పిల్ల రెండో తరగతికి వచ్చేస్తుంది. ఆమెకి ముందు ఆ లెక్కే తోచింది.

ఆమె అత్త నారాయణమ్మ ఊరుకోలేదు.

“తాబేలంటే మాకు కూర్మనాథుడు బాబూ. వలలో పడితే పసుపు రాసి, బొట్టెట్టి, దండమెట్టి నీళ్ళలోకి వొగ్గీసి వొస్తారు మావోళ్ళు. తింటారేటి?”

“ఓహో, బొట్టు పెట్టి మరీ తింటారన్నమాట.”

నవ్వడానికి కూడా ఆయన రుమాలు తీయలేదు.

ఆయన వెంట సింధూరి వచ్చింది. ఎచ్చెర్ల యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఆమె పెట్టెలో ఇరవై చిన్న సీసాలున్నాయి, మూతల మీద అంకెలతో. గోరంత ముక్క వేస్తే చాలని, హైదరాబాదు ల్యాబులో దాని డీఎన్ఏ చదివి ఏ జీవిదో చెప్పేస్తారని ఆడవాళ్ళకి వివరించింది.

“ఎండిపోయినా తెలుస్తాదా అమ్మా?” అడిగింది కుసుమ.

“ఎండినా, ఉప్పేసినా, కూర వండినా తెలుస్తుంది.”

“ఎవరికి చెప్తున్నారు మేడమ్?” అన్నారు యుగంధర్ గారు. “డీఎన్ఏ అంటే కొత్తరకం చేప అనుకుంటారు వీళ్ళు.”

సింధూరి గంప ముందు వంగబోయింది. ఆయన ఆపారు.

“చేతులు పెట్టకండి. ఆ కంపు వారం రోజులు వదలదు. వీళ్ళ చేతే తీయిద్దాం. ఏమే, మీలో ఎవరికైనా రాయడం వచ్చా?”

“ఎనిమిది దాకా సదివినాను,” అంది కుసుమ.

“ఎనిమిదా! ఇంకేం, కలెక్టరువి అయిపోవాల్సింది.”

“సార్, అనుమానం ఉన్నది వీళ్ళ మీదే కదా. వీళ్ళ చేతే...” సింధూరి నసిగింది.

“మిషన్ని మోసం చేసే తెలివి వీళ్ళకెక్కడిది మేడమ్!”

కుసుమ పిల్లని అత్తకిచ్చింది. గ్లౌజులు తొడుక్కుంది. మొదటి సీసాలో తన గంపలోని ముక్కే వేసింది. ఏ సీసాలో ఏం వేసిందో నోటు పుస్తకంలో రాస్తూ గంప గంపకీ తిరిగింది. సింధూరి మూతలకి టేపు వేస్తూ వెనకే నడిచింది.

పది గంపలయ్యేసరికి భోజనాల వేళయింది. రొయ్యల చెరువుల యజమాని నరసింగరావు ఇంటి నుంచి ఆఫీసరు గారికి కేరేజీ వచ్చింది. రేకుల పాక నీడలో కుర్చీ వేయించుకుని తిన్నారు. సింధూరి తన ఉప్మా పొట్లం విప్పుకుంది.

“మీకు పెట్టను మేడమ్. వేటమాంసం. మీకు పడదు,” అని బెల్టు ఒక కన్నం వదులు చేసుకున్నారు.

తిన్నాక కేరేజీని కాలితో కుసుమ వైపు తోశారు.

“రాసింది చాలు గానీ, ఇది కడిగి పట్రా. నీ చదువుకి తగ్గ పని.”

కుసుమ కేరేజీ తీసుకుని బోరింగు దగ్గరికి వెళ్ళింది. పిల్ల పాలకి ఏడుపందుకుంది.

“ఒలే, ఆ గిన్నెలట్టుకుని ఎంతసేపే! గుంట గుక్కట్టేస్తన్నాది!” అని అరిచింది నారాయణమ్మ.

పిల్లకి పాలిచ్చి, మిగిలిన గంపలన్నీ తిరిగేసరికి ఎండ వాలింది. ఇరవయ్యో సీసా అందించేటప్పుడు కుసుమ చేయి వణికింది. సింధూరి పుస్తకం చూసింది. కుసుమ మొహం చూసింది. మూతకి టేపు వేసింది.

“చూశారా ఆ వణుకు?” అన్నారు యుగంధర్ గారు. “ల్యాబు కూడా అక్కర్లేదు.”

నలభై రోజులు కుసుమకి అన్నం దిగలేదు. పాలు తగ్గిపోయాయి. జీపు చప్పుడైతే చాలు, పిల్లని గుండెకి హత్తుకునేది.

నలభై ఒకటో రోజు రెండు జీపులొచ్చాయి. రెండోది పోలీసులది. కొండబాబుని ఇసుకలో కూర్చోబెట్టారు. ఊరంతా చుట్టూ నిలబడింది.

సింధూరి రిపోర్టు చదివింది. సొర, సావళ్ళు, నెత్తళ్ళు, కవళ్ళు, అన్నీ చేపలే. పంతొమ్మిది సీసాల్లోనూ ఏ ముక్కకి ఏ పేరు రాశారో అదే తేలింది.

“ఇరవయ్యోది?” అడిగారు ఆఫీసరు గారు.

“సముద్ర తాబేలు.”

యుగంధర్ గారు చప్పట్లు కొట్టారు. “చేయి వణికింది ఎవరికో నాకు గుర్తుంది! పసుపట, బొట్టట! ఏయ్, ఆ పిల్లని ముసలిదానికిచ్చి నువ్వూ జీపెక్కు.”

కుసుమ కదల్లేదు.

“పుస్తకంలో ఆ సీసాకి ఎదురుగా రాసింది గట్టిగా చదవండి మేడమ్,” అన్నారు ఆఫీసరు గారు. “ఎస్సై గారు రాసుకుంటారు. ఊరంతా వినాలి.”

సింధూరి నోటు పుస్తకం తెరిచి, కుసుమ గుండ్రటి అక్షరాలని ఊరంతా వినేలా చదివింది: “ఇరవై. ఆఫీసరు బాబు కేరేజీ, రెండో గిన్నె, అడుగున మిగిలిన ముక్క.”