ఏడు కంప్యూటర్లు, ఒక పెట్టె

సోమవారం పొద్దున తలుపు తీసేసరికి ఏడు కంప్యూటర్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి. సర్వర్ ఒక్కటే లేదు.

భవనాలకు డిజైన్లు గీసే ఆ ఆఫీసులో దాన్ని పెట్టి పది రోజులైంది. పెట్టిన నెట్‌వర్క్ పనివాడికి పెళ్లై నెలైనా కాలేదు. అందుకే అక్కడ అందరూ అతన్ని కొత్త పెళ్లికొడుకనే పిలిచేవారు. కేబుళ్లకు అంటించిన పేర్ల చీటీలు అతని భార్య గుండ్రటి అక్షరాలతో రాసిచ్చినవి. పని మధ్యలో వాటిని చూసుకుని తనలో తనే మురిసిపోయేవాడు.

ఈ రోజు మురిపెం లేదు. తాళం ఎవరూ పగలగొట్టలేదు, ఆఫీసుకు తాళంచెవులు రెండే. ఒకటి యజమాని పెద్దసారు దగ్గర, రెండోది ఇతని దగ్గర.

"ఇంత ఖరీదైన మానిటర్లు వదిలేసి ఆ పెట్టె ఒక్కటే ఎందుకు ఎత్తుకెళ్లారంటారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

పెద్దసారు తల పట్టుకున్నారు. ఏ ఫైలు ఏ ఇంజనీరు దగ్గరుందో తెలియక ఇన్నేళ్లూ ఛస్తున్నారట. అందుకని దగ్గరుండి అన్నీ సర్వర్‌లోకి చేర్పించి, కంప్యూటర్లలో ఒక్క కాపీ కూడా మిగలకుండా తుడిపించారట. పద్ధతిగా ఉంటుందనుకుంటే కొంప మునిగిందని వాపోయారు. పైగా తాము గీసిచ్చిన ఆసుపత్రి గోడలు బీటలిచ్చాయని విచారణ. ఆ కాగితాలు ఎల్లుండే కమిటీకి ఇవ్వాలి.

"నేనెవర్నీ వేలెత్తి చూపను. రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్లనే అడగండి" అన్నారు.

కొత్త పెళ్లికొడుకు జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. దొంగ అన్న మాట ఒక్కసారి పడితే ఇక ఏ ఆఫీసు గడపా తొక్కనివ్వరు. అది సరే, 'మా ఆయన సర్వర్ పెట్టారు' అని పక్కింటివాళ్లందరికీ చెప్పుకున్న పిల్ల ముఖం ఎలా చూడాలి?

"సార్, నేనో తప్పు చేశాను" అన్నాడు మెల్లగా.

అందరూ అటు తిరిగారు. కానిస్టేబుల్ ఓ అడుగు ముందుకేశాడు.

అతను తలవంచుకుని చెప్పుకొచ్చాడు. భార్య పెళ్లి ఫొటోలను నాలుగు చోట్ల దాచుకుందట. ఒక్కచోటే ఉంటే తనకు నిద్ర పట్టదందట. ఆ మాట బుర్రలో తిరిగి, రోజూ భోజనాల వేళ సర్వర్‌లో ఉన్నదంతా ఏడు కంప్యూటర్లలోనూ ఓ మూల కాపీ అయ్యేలా పెట్టాడట.

"పెద్దసారు వద్దన్నా వినలేదండి. ఒక్క ఫైలూ పోలేదు."

ఇంజనీర్లు చప్పట్లు కొట్టారు. ఒకావిడ కళ్లు కూడా తుడుచుకుంది. పెద్దసారు మాత్రం కుర్చీ వెతుక్కుని కూలబడ్డారు.

ఇన్‌స్పెక్టర్ ఆయన వంక ఓ క్షణం చూసి, ముందుగా ఆసుపత్రి ఫైళ్లు తీయమన్నాడు. ఎవరూ తెరవని ఓ పాత ఫోల్డర్‌లో స్కాన్ చేసి పెట్టిన మట్టి పరీక్ష రిపోర్టు దొరికింది. ఆ నేల రెండంతస్తులకు మించి మోయదని రాసి ఉంది. కింద, 'చూశాను. ఐదంతస్తులే కానివ్వండి' అని చేతిరాత, పెద్దసారు సంతకం.

ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"అయితే ఏడు చోట్ల చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఒక్క పెట్టెలోకి చేర్పించింది, ఒక్క విడతలో మోసుకుపోవడానికా సార్?"