తెలుపు మాత్రం వద్దంట

“నడిమింటికి నీలం వద్దంటాడప్పా. పచ్చ కొట్టమంటాడు,” అంటూ బసమ్మ పడమటి గదిలోంచి బయటికొచ్చి, వెనకాలే తలుపు దగ్గరికి వేసింది.

నిచ్చెన మీదున్న కృపానందం చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కుంచె నిండా నీలం కారుతోంది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు ఇంటికి రంగు వేసి చూడు అనడం ఎందుకు మరిచిపోయారో అతనికి అర్థం కాలేదు. ఆదోనిలో ఇన్నేళ్లుగా గోడలకు సున్నం కొడుతున్నాడు. భుజం అరిగిపోయింది, సున్నానికి వేళ్ల సందులు పగిలాయి. గోడగోడకూ మాట మార్చే ఇల్లు మాత్రం ఇదే.

“నీలం కలిపేసినా గదక్కా. నిన్న అన్నే గదా నీలం అన్నాడు?”

“అది వంటింటికి కొట్టు. రాత్రి మనసు మార్చుకున్నాడు.”

“ఉండు, నేనే ఒకతూరి అడిగొస్తా.”

బసమ్మ తలుపుకు అడ్డం నిలబడింది. “వద్దప్పా. రాత్రంతా నిద్రలేదు. కదిలించొద్దు.”

కృపానందం నిట్టూర్చి నిచ్చెన దిగాడు. వేరేవాళ్లయితే కుంచె పారేసి పోయేవాడే. కానీ బసమ్మ మొగుడు శేషప్ప సంగతి వేరు. జిన్నింగు మిల్లులో పత్తి మోసి మోసి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని మంచం పట్టాడు. డాక్టరు ఇంక ఎన్నో రోజులు లేవన్నాడు. నిన్న గోడలు గీకుతుంటే మంచం దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకున్నాడు.

“బతుకంతా తెల్లదే సూసినా కృపా. మిల్లులో తెలుపు, ఇంట్లో తెలుపు. నేను ఈ ఇల్లు దాటేలోపల గోడలకు రంగులు పడల్ల. నడిమింటికి నీలం కొట్టు, కడమ గోడలకు ఏమన్నా కొట్టు, తెలుపు మాత్రం వద్దు.”

ఆ మాట కృపానందం మరిచిపోలేదు. అందుకే ఇవాళ తెల్లారీ తెల్లారగానే వచ్చి పనిలో దిగాడు. పచ్చపొడి సున్నంలో కలిపి, జిగురు పోసి, గోడ మూల చిన్న మచ్చ పెట్టి చూపించాడు.

“తడిమీద ముదురుగా ఉంటాదక్కా. ఆరితే లేతగా అయితాది. ఆరినాక అన్నకు సూపించి చెప్పు.”

“ఆరేదాకా ఆగేకి లేదు. కొట్టేయప్పా,” అంది బసమ్మ.

కొట్టాడు. చెప్పేవాళ్లకేం, చేసేవాడికి తెలుస్తుంది.

మధ్యాహ్నం వంటింట్లో నీలం పడింది. పొయ్యి వెలగలేదు. బసమ్మ ఓటేలు నుంచి ఉగ్గాని, బజ్జీ కట్టించుకొచ్చి అతని ముందు పెట్టింది.

“నువ్వు తినవా అక్కా?”

“నాకు ఆకలి లేదు. నువ్వు తిని తొందరగా కానీ.”

“అన్న దగ్గు ఇనపడలేదే ఈ పొద్దు?”

“ఈ పొద్దు నెమ్మదిగా ఉండాడు.”

కృపానందానికి కాస్త ధైర్యం వచ్చింది. రంగులు ఎంచి చెబుతున్నాడంటే తేరుకున్నాడేమో అనుకున్నాడు.

ఎదురింటి హులిగెమ్మ గడప దగ్గరికొచ్చి తొంగి చూసింది. బసమ్మ ఆమెను లోపలికి రమ్మనలేదు.

“పెండ్లి ఇల్లు మాదిరి సేస్తాండావే. మాకు ఆ యోగం యాడిది? మా అత్త పోయినప్పటి నుంచి ఇంటికి సున్నం తగల్లేదు. సావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా కుంచె ముట్టకూడదంటారు గదా. శేషప్పన్న ఎట్లుండాడు?”

“పండుకోనుండాడు,” అంది బసమ్మ.

హులిగెమ్మ వెళ్లిపోయింది. బసమ్మ మళ్లీ గదిలోకి పోయింది. లోపల ఆమె గొంతు సన్నగా వినిపించింది. బయటికొచ్చాక కళ్లు తుడుచుకుంటూ, “వసారాకు పసుపు,” అంది.

“సున్నం ఘాటు కండ్లకు తగిలినట్లుంది, దూరం పో అక్కా,” అన్నాడు కృపానందం. అతని భుజం ఇక లేవనంటోంది. ఎడమచేతికి కుంచె మార్చుకుని, ఒక్కో పట్టీ లాగుతూ, శేషప్ప ఈ గోడలు చూసి ఏమంటాడో అనుకుంటూ వసారా పూర్తి చేశాడు.

పొద్దుగుంకేసరికి నడిమిల్లు పచ్చగా, వంటిల్లు నీలంగా, వసారా పసుపుగా నిలబడ్డాయి. కృపానందం కుంచె బకెట్లో పడేసి గోడకు ఆనుకోబోయి, తడి గుర్తొచ్చి ఆగాడు.

“ఇంక ఆ పడమటి గదే అక్కా. మంచం ఎత్తి అన్నను నడిమింట్లోకి తెద్దాం. రంగులు సూసుకుంటా ఉంటాడు. ఈలోగా నేను ఆడ కొట్టేస్తా.”

“దానికి వద్దప్పా. కనపడే గోడలన్నీ అయిపోయినాయి గదా?”

“అయిపోయినాయి.”

పొద్దుటి నుంచి నిలబడే ఉన్న బసమ్మ గడప మీద కూలబడింది.

“అట్లయితే ఎమ్మిగనూరు బస్సుకు పోయి మా మరిదిని పిల్సుకొని రా.”

“ఈ రాత్రప్పుడా? రేపు పోతే కాదా అక్కా?”

బసమ్మ పసుపు గోడకేసి చూస్తూ చెప్పింది.

“తెల్లారకముందే మీ అన్న పానం పోయిందప్పా.”